పదహారు కిలోల నాలుగు వందల గ్రాములు

జూలై 18, గురువారం

ల్యాబ్‌లో సగం వాడి పారేసిన రిజిస్టరు ఇది. మొదటి ముప్పై పేజీల్లో ఎవరో రాసిన తేమ లెక్కలున్నాయి. మిగతా పేజీలు నావి. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి చక్కగా రాయక్కర్లేదు.

మా ఆయన సంగ్‌మూక్ పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. పోయిన రోజునే ఒకటో రోజుగా లెక్క వేయాలని అత్తయ్య ఫోన్లో రెండుసార్లు చెప్పింది, నాకు లెక్కలు రానట్టు. నలభై తొమ్మిదో రోజు ఆగస్టు ఇరవై నాలుగు. ఆ రోజు బౌద్ధ గుడిలో ఆఖరి పూజ చేసి అతని బట్టలన్నీ కాల్చేస్తారు. దాంతో అతను వెళ్లాల్సిన చోటికి వెళ్లిపోతాడట.

అప్పటిదాకా ఆ బట్టలు నాకు కావాలి.

జూలై ఏడు, ఆదివారం మధ్యాహ్నం నేను ఇంట్లో వాషింగ్ మిషన్లో వేసిన బట్టలు 16.4 కిలోలు. మిషన్ తలుపు మీద 21 కిలోలు అని ఉంటుంది. నీళ్లు పిండడం మొదలయ్యాక పదకొండు పెద్ద చప్పుళ్లు వినిపించాయి. మిషన్ ఉన్న వెనక వరండాకీ, సంగ్‌మూక్ పడుకున్న చిన్న గదికీ మధ్య ఒక్కటే గోడ.

ఆ చప్పుళ్లు మిషన్‌వి. లోడు ఎక్కువైతే బరువంతా ఒక పక్కకి చేరి డ్రమ్ము కొట్టుకుంటుంది. మళ్లీ అదే లోడు వేస్తే మళ్లీ అవే చప్పుళ్లు రావాలి. వస్తే అవి మిషన్‌వే అని తేలిపోతుంది. నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

రాకపోతే ఏమిటన్నది ఇక్కడ రాయను.

జూలై 19

నిన్నటిది చదివితే రిపోర్టులా ఉంది. ఇరవై మూడేళ్లుగా రాసింది అవే కదా.

ఛాంగ్‌వన్‌లో వాషింగ్ మిషన్లు పరీక్షించే మా ల్యాబ్‌లో లోడు కట్టేవాళ్లం నలుగురం. పరీక్ష బట్టల్ని చెమ్మ లేకుండా ఎండబెట్టి, తూచి, నంబర్లు సరిచూసుకుని, దుప్పటిని నడిమధ్యన పట్టుకుని డ్రమ్ములోకి వదులుతాం. తోయకూడదు, నొక్కకూడదు. ఎంత పట్టిందన్నది మాకు లెక్క కాదు. పట్టిన బట్ట పైకెళ్లి కింద పడుతోందా, మధ్యలో ఉన్నది తడుస్తోందా, పిండేటప్పుడు డ్రమ్ము కొట్టుకోకుండా వేగం అందుకుంటోందా, అదీ లెక్క. తలుపు మీది 21 అబద్ధమేం కాదు. మా పల్చటి నూలు దుప్పట్లతో, మా చేతులతో వేస్తే ఇరవై ఒకటీ తిరుగుతాయి. కానీ ఏ ఇంట్లోనూ ఇరవై ఒక్క కిలోల పల్చటి దుప్పట్లు ఉతకరు. జీన్సులు, తువ్వాళ్లు, చలికాలపు బొంత, మొగుడి ఫ్యాక్టరీ యూనిఫారం అన్నీ కలిపి కుక్కుతారు. వాటితో అసలు అంకె ఎంతో ఎవరూ రాయరు. ఆఫీసు ధరకి ఈ మిషన్ కొన్నప్పటినుంచి ఆదివారాలు ఆ అంకె వెతకడమే నా పని.

"ఊళ్లో ఆడవాళ్లందరూ ఆదివారం కొండెక్కుతారు, నువ్వు బొంతలు తూస్తావు" అనేవాడు సంగ్‌మూక్. ల్యాబ్‌లో నా పక్క బల్ల సోరా అయితే, "నీ మిషన్‌కి నువ్వే అత్తగారివి అక్కా, ఏం చేసినా వంకే" అంటుంది.

ఆ ఆదివారం కూడా అదే చేస్తున్నాను. అతనికి ఒంట్లో బాగాలేదు. చలేస్తోందన్నాడు.

జూలై 20, శనివారం

రెండో వారం పూజ. గోసోంగ్ నుంచి అత్తయ్య పొద్దున్నే వచ్చేసింది. ఎనభై ఏళ్లకి మూడు బస్సులు మారి వచ్చి, గుడి మెట్ల దగ్గర నాకన్నా ముందే నిలబడింది.

"ఏమే, బట్టలు తెచ్చావా?"

"ఇంకా రోజులున్నాయి కదత్తయ్యా. ఉతికి ఇస్తాను."

"ఎన్నిసార్లు ఉతుకుతావే? పోయిన శనివారమూ ఇదే మాట. రంగు వెలిసిపోయిన బట్టలు కట్టుకుని పోవాలా నా కొడుకు?"

తిరిగి వస్తుంటే బస్సులో అడిగింది. రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

"ఒక్క కేకైనా వెయ్యలేదా వాడు?"

"నిద్రలోనే పోయాడత్తయ్యా. డాక్టరు కూడా అదే అన్నాడు."

డాక్టరు అలా అనలేదు. గుండె అన్నాడు. ఎంతసేపు పట్టిందో చెప్పలేం అన్నాడు.

"చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే ఊరంతా లేపేవాడే. ఇంత దానికి ఎవర్నీ పిలవకుండా పోయాడంటే, పిలిస్తే పలికేవాళ్లు లేరనుకున్నాడా ఏంటే నా తండ్రి..."

ముక్కు చీదుకుంది. నేను ఆమె చేతిసంచీ నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

జూలై 21, ఆదివారం

మొదటి పరీక్ష. ఆ రోజు లోడే: అతని యూనిఫారాలు రెండు జతలు, జీన్సులు నాలుగు, నూలు బనియన్లు పది, లోపలి పొడుగు లాగులు మూడు, తువ్వాళ్లు పన్నెండు, మంచం దుప్పట్లు రెండు, బొంత ఒకటి, నావి చిల్లర మల్లర. తువ్వాళ్లు రెండు తగ్గాయి. అవి ఆసుపత్రికి అతనితో వెళ్లాయి. అదే బరువున్న వేరేవి కలిపాను. 16.4.

చప్పుడు రాలేదు. మెత్తగా వేగం అందుకుని పిండేసింది.

తువ్వాళ్ల తేడా వల్లే. అవి పాతవి, నీళ్లు ఎక్కువ పీల్చేవి.

జూలై 22

రెండోసారి. రాలేదు.

జూలై 23

రాలేదు. బొంత మడత తేడా అయ్యుంటుంది.

జూలై 24

ఇవాళ ఒకటి వచ్చింది. కానీ నీళ్లు నిండేటప్పుడు, డ్రమ్ము కదలకముందే వచ్చింది. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. పైపు.

జూలై 25

పైపు మళ్లీ. మూడు.

జూలై 26, శుక్రవారం

సోరా మధ్యాహ్నం అన్నం దగ్గర నా పళ్లెంలో చేప ముక్క పెట్టి, తిను తిను అని వెంటపడింది. ఏదో ఒకటి మాట్లాడాలని నేనే నోరు జారాను. ఏడో తేదీ ఇంటి లోడు, అదే 16.4, మళ్లీ మళ్లీ వేసి చూస్తున్నాననీ, ఆ రోజు ఫలితం రావట్లేదనీ చెప్పాను. చప్పుళ్ల సంగతి చెప్పలేదు.

"ఆ రోజు గాల్లో తేమ ఎంతక్కా?"

"ఏం?"

"ఏమేంటి! ఏడో తేదీ అంటే వానలు దంచి కొడుతున్న రోజులు. మామూలుగా తూస్తే అందులో కిలోకి పైగా గాలి తేమే ఉంటుంది. అసలు బట్ట పదిహేను చిల్లరే. ఇప్పుడు ఎండలు కాస్తున్నాయి, ఇప్పటి పదహారున్నరా అప్పటి పదహారున్నరా ఒకటెలా అవుతాయి? కొత్తగా చేరినప్పుడు ఇదే పాఠం నాకు నువ్వు తిట్టి తిట్టి నేర్పావు."

"మా ఇంట్లో ఏసీ ఉంది" అన్నాను.

"అయితే సరే" అంది.

ఏసీ ఆ రోజు ఆపేశాం. చలేస్తోందని అతనే ఆపించాడు.

అసలు లోడు ఇంకా తక్కువైతే డ్రమ్ము కొట్టుకునే అవకాశం ఇంకా తక్కువ. ఆ సంగతి సోరాకి తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో కొలతలకి అంత చాదస్తం అక్కర్లేదు.

జూలై 28, ఆదివారం

లోడు పెంచి చూశాను. 16.8, లేదు. 17.0, లేదు. 17.2 కి కొట్టుకుంది! నాలుగు దెబ్బలు, ఒకదాని వెనక ఒకటి గబగబా, మిషన్ కాళ్లు నేల మీద జరిగాయి. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. కొట్టుకునే మిషనే ఇది. ఎనిమిది వందల గ్రాములే తేడా. ఆ రోజు నేను తప్పు తూచుంటాను.

జూలై 29

ల్యాబ్ నుంచి తూకం గుండ్లు తెచ్చి ఇంటి కాటా సరిచూశాను. కాటా సరిగ్గానే ఉంది. వరండా నేల సమంగా లేదు.

జూలై 30

నేల సమంగానే ఉంది.

పైపు మనిషిని పిలిపించాను. పైపులో ఏమీ లేదన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని గోడకి చెవి పెట్టి విన్నాడు, గోడలో అసలు పైపే లేదన్నాడు. ముప్పై ఏళ్లుండవు కుర్రాడికి. ఏం తెలుసు.

ఆగస్టు 1

ఫ్యాక్టరీలన్నిటికీ వేసవి సెలవులు. ఊరు సగం ఖాళీ. రోజుకి ఐదుసార్లు వేస్తున్నాను. తీయడం, ఆరబెట్టే యంత్రంలో వేయడం, తూచడం, మళ్లీ వేయడం. అతని యూనిఫారం జేబు మీద పేరు దారాలు ఊడుతున్నాయి. సూదితో మళ్లీ కుట్టాను. దారం ఎంత బరువుంటుంది, ఏం కాదు.

ఆగస్టు 2

రాలేదు. రాలేదు. రాలేదు. పైపు ఐదు. రాలేదు.

ఆగస్టు 4, ఆదివారం, మధ్యాహ్నం

పదకొండు. 16.4 కి పదకొండు.

తలుపు వేసి స్విచ్చి నొక్కి, ఆ రోజులాగే చిన్న పీట మీద కూర్చుని, చెవులు తప్ప ఏవీ పని చేయకుండా కళ్లు మూసుకున్నాను. వచ్చాయి. అన్నీ వచ్చాయి. ఒక్కటి కూడా తక్కువ కాదు. మిషన్‌వే. నేను చెప్పలేదా! అత్తయ్యకి ఫోన్ చేసి రేపే బట్టలు కడతానన్నాను. నా గొంతు విని, "ఏమైందే, తాగావా?" అంది. నవ్వాను. ఇరవై ఎనిమిది రోజుల తర్వాత నవ్వాను.

సంగ్‌మూక్, అవి మిషన్‌వే.

అదే రోజు, సాయంత్రం

బట్టలు తీద్దామని వెళ్తే పొడిగా ఉన్నాయి.

అపార్ట్‌మెంట్లో నీళ్ల ట్యాంకు కడుగుతున్నారట. ఒంటిగంట నుంచి నాలుగు దాకా నీళ్లు రావని లిఫ్టులో కాగితం అంటించి వారం అయింది. నేను చూసుకోలేదు. మిషన్ నీళ్లు అందక ఆగిపోయి ఉంది. ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. డ్రమ్ము ఒక్క చుట్టు కూడా తిరగలేదు.

ఆగస్టు 5

వేయలేదు.

ఆగస్టు 6, మంగళవారం

పొద్దున తలుపు కొడితే కింది ఇంటి ప్యోన్ గారు. రైల్వేలో రిటైరయిన మనిషి. నలభై ఏళ్లు రైలు చక్రాల్ని సుత్తితో తట్టి, మోతని బట్టి పగుళ్లు పట్టేవాడట. సంగ్‌మూక్‌తో అప్పుడప్పుడూ మెట్ల దగ్గర సిగరెట్టు కాల్చేవాడు. చేతిలో పుచ్చకాయ సగం ముక్క పట్టుకొచ్చాడు. గొడవకి వచ్చేవాళ్లు పుచ్చకాయ తేరు కదా అనుకున్నాను.

"కష్టంలో ఉన్నారు, అడగకూడదు. రోజంతా మిషన్ తిరుగుతోంది, దాని గురించి కాదమ్మా. అది నేలలోంచి వస్తుంది, నాకు అలవాటే. గోడ కొట్టేది ఎవరు?"

"ఎవరూ లేరండీ. నేనొక్కదాన్నే."

"ఆదివారం మధ్యాహ్నం, నీళ్లు ఆపినప్పుడు?"

"లేను. బయటికెళ్లాను."

నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. "ఇది చల్లగా ఉన్నప్పుడే తినండి" అని పుచ్చకాయ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అబద్ధం ఎందుకు చెప్పానో నాకే తెలీదు.

ఆయన్ని అడగొచ్చు. ఆ జూలై ఏడున కూడా కిందే ఉండుంటాడు. అలాంటి చెవులున్న మనిషి.

ఆగస్టు 7

అడగను.

ఆగస్టు 8

అడగక్కర్లేదు. ఆయనకి డెబ్భై ఐదు దాటాయి. ఏం వినబడుతుంది.

ఆగస్టు 9

మిషన్ ప్లగ్గు తీసేశాను. మధ్యాహ్నం మూడింటికి రెండు. తర్వాత ఒకటి. మధ్యలో చాలాసేపు ఏమీ లేదు, పీట మీదే కూర్చున్నాను.

ఆగస్టు 11, ఆదివారం

అడిగాను.

ప్యోన్ గారు నన్ను వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి బార్లీ నీళ్లు పోశాడు. గ్లాసు పక్కకి జరిపి, వేలి కణుపుతో బల్ల మీద కొట్టాడు.

"మీ మిషన్ ఇలా." టక్. టక్. టక్, టక్, టక్‌టక్‌టక్. "తిరిగేది ఏదైనా అంతే. వేగం పెరిగే కొద్దీ దెబ్బలు దగ్గరవుతాయి. చక్రమైనా అంతే, డ్రమ్మైనా అంతే."

"ఆ రోజు?"

"ఆ రోజు నేల మీంచి ఏమీ రాలేదమ్మా. మీ మిషన్ బుద్ధిగా తిరిగింది. గోడలోంచి వచ్చింది. ఇలా."

టక్. టక్. టక్. టక్.

టక్.

తర్వాత చెయ్యి గాల్లో అలాగే ఉంచాడు. ఎంతసేపటికో కానీ వేలు దించలేదు.

టక్.

"దూరం దూరమైపోయాయి. ఎవరో గోడకి మేకు కొట్టుకుంటున్నారనుకున్నాను. ఆదివారం పూట మేకులేంటని తిట్టుకున్నాను కూడా. ఆఖరిది అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. అప్పటికి నేను టీవీ పెట్టుకున్నాను." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీవారితో నాలుగేళ్లు సిగరెట్లు పంచుకున్నానమ్మా. లేచి పైకి రాలేదు నేను."

బార్లీ నీళ్లు మొత్తం తాగేసి వచ్చేశాను.

ఆగస్టు 12

ఇంటి బట్టలతో ఈ మిషన్ నిజంగా మోయగలిగేది 17 కిలోలు. బొంత ఉంటే అంతే. ఆ రోజు వేసింది, తేమ తీసేస్తే, పదిహేను చిల్లర. లోడు హద్దులోనే ఉంది. డ్రమ్ము కొట్టుకోవడానికి కారణం లేదు.

ఆగస్టు 13

ఆ రోజుది రాస్తాను. ఒక్కసారే రాస్తాను.

వాన పడుతోంది. పీట మీద కూర్చున్నాను, ఒళ్లో కాగితం. మొదటి చప్పుడుకి తలెత్తాను. రెండోదానికి పెన్ను తీశాను. మేం లెక్క పెట్టేది ఐదు గీతల చైనా అక్షరంతో, చప్పుడుకో గీత. ఒక అక్షరం నిండితే ఐదు. చేతికి అలవాటు, మనసు పెట్టక్కర్లేదు.

అద్దంలోంచి చూస్తే బట్టలు డ్రమ్ము చుట్టూ సమంగా పరుచుకుని ఉన్నాయి. అది చూశాను. చూసి, గీతల పక్కన రాశాను కూడా: "లోడు సమంగా ఉంది. చప్పుడు ఎక్కణ్ణుంచో తెలియడం లేదు." ఎక్కణ్ణుంచో తెలియకపోతే మామూలు ఆడది లేచి చూస్తుంది. నేను కొలత మధ్యలో లేవకూడదని కూర్చున్నాను. ల్యాబ్‌లో కొలత మధ్యలో లేచిన పిల్లల్ని నేనే తిట్టేదాన్ని.

ఎనిమిదో దానికీ తొమ్మిదో దానికీ మధ్య చాలాసేపు పట్టింది. మిషన్ సర్దుకుంటోందని సంతోషించాను. పది. తర్వాత ఇంకా చాలాసేపు. పదకొండు. తర్వాత రాలేదు.

రెండు అక్షరాలు, ఒక గీత. కింద "పాస్" అని రాశాను.

పని అయిపోయిందని మిషన్ పాట పాడింది. బట్టలు తీసి, దులిపి, క్లిప్పులు పెట్టి ఆరేశాను. బొంత ఒక్కదాన్నే ఎత్తి వేయలేక అతన్ని పిలిచాను. పలకలేదు. నిద్రపోతున్నాడు, లేపడం దేనికని నేనే ఎలాగో వేశాను. అన్నీ ఆరేసి, చేతులు తుడుచుకుని అప్పుడు చిన్న గదిలోకి వెళ్లాను. గోడకి ఆనుకుని ఉన్నాడు. కుడిచేతి కణుపులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

కణుపుల సంగతి ఎవరికీ చెప్పలేదు. శవపేటికలో పెట్టేవాళ్లు ఆ చేతి మీద ఎడమ చెయ్యి పెట్టారు, కనబడలేదు.

మొదటిసారి లోడు మళ్లీ వేసినప్పుడే నాకు తెలుసు. అంతకుముందే తెలుసు.

ఆగస్టు 17, శనివారం

బట్టలు కట్టాను. ఆ రోజు లోడులో అతనివన్నీ. ఒక్క బనియను కూడా దాచుకోలేదు.

ఆగస్టు 24, శనివారం

రోజూ రెండూ మూడూ వస్తూనే ఉన్నాయి. ఏ టైమంటూ లేదు. రాయడం మానేశాను కానీ వింటూనే ఉన్నాను.

పూజ పూర్తయ్యాక గుడి వెనక కాల్చే చోటికి తీసుకెళ్లారు. ఎండ మండిపోతోంది. కొత్త బూట్లు, కొత్త లోబట్టలు ముందు వేశారు. తర్వాత నా మూట. అన్నిసార్లు ఉతికిన బట్ట కదా, పొగ కూడా పెద్దగా లేకుండా అంటుకుంది. అత్తయ్య దణ్ణం పెట్టుకుంటూ, "పోయి రా నాన్నా, పోయి రా. ఎవర్నీ పిలవకుండా పోయావు, నీకు ఏ బెంగా లేదనుకుంటాలే" అంది.

ఇంక మోయలేకపోయాను.

"పిలిచాడత్తయ్యా."

ఆమె చేతులు అలాగే జోడించి నా వైపు తిరిగింది.

"గోడ కొట్టి పిలిచాడు. నేను గోడకి ఇవతలే ఉన్నాను. మిషన్ చప్పుడనుకున్నాను."

"ఎన్నిసార్లు?"

"పదకొండు."

యూనిఫారం చెయ్యి ఒకటి మంట బయటికి జారితే అత్తయ్య పక్కనున్న కర్రతో లోపలికి తోసింది. తర్వాత చిన్న గొంతుతో అడిగింది.

"పదకొండని నీకెలా తెలుసే?"

నేను మంటలోకే చూస్తున్నాను.

"లెక్కపెట్టావా?"

"పెట్టాను."

వచ్చి నా వీపు మీద కొట్టింది. రెండు చేతులతో, పిడికిళ్లతో, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. "లెక్కపెట్టావా! వాడు పిలుస్తుంటే లెక్కపెట్టావా! నీ చదువు తగలెయ్య, నీ మిషన్ తగలెయ్య!" గుడిలో వాళ్లు పరిగెత్తుకొచ్చారు. నేను వద్దన్నాను. ఎన్ని దెబ్బలు కొట్టిందో నాకు తెలీదు.

అలిసిపోయి నా భుజానికే ఆనుకుని ఏడ్చింది. పట్టుకోవడానికి అక్కడ ఇంకెవరూ లేరు. "పిలిచాడా" అని ఒకసారి, "పిలిచాడన్నమాట" అని ఇంకోసారి. రెండోసారి గొంతు వేరుగా ఉంది.

ఊరికి వెళ్లనంది. "నీతో వస్తాను, పద" అంది. ఇంటికొచ్చి సముద్రపు నాచు చారు తానే కాచింది, ఉప్పు ఎక్కువేసింది. "తిను" అంది. తిన్నాను.

ఆగస్టు 25, ఆదివారం

మధ్యాహ్నం అన్నం తిన్నాక అత్తయ్య చిన్న గదిలోనే పడుకుంటానంది. వద్దనలేదు. తలగడ సర్ది, మంచినీళ్లు పక్కన పెట్టి తలుపు దగ్గరగా వేశాను.

వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తున్నాను. మిషన్ ప్లగ్గు తీసే ఉంది.

టక్, అంది గోడ.

చిక్కుళ్లు నేల మీద పడ్డాయి. నేను అప్పటికే లేచాను. తలుపు ఎలా తీశానో తెలీదు.

అత్తయ్య నిద్రపోతోంది. రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని, గోడకి దూరంగా, తలుపు వైపు తిరిగి. నోరు కొంచెం తెరుచుకుని గురక పెడుతోంది. గ్లాసులో నీళ్లు కదల్లేదు.

గోడ పక్కన నేల మీద, అతను ఆనుకున్న చోట కూర్చున్నాను. ఇది అక్కడే రాస్తున్నాను. "వచ్చాను" అన్నాను, అత్తయ్య లేవకుండా, మెల్లగా.

చాలాసేపటినుంచి కూర్చునే ఉన్నాను. రెండో చప్పుడు రాలేదు.